మేకు కొట్టొద్దన్న ఇల్లు

తాళంచెవి చేతుల వెడ్తూ
ఓనరు బుచ్చయ్య ఒక్కటే మాటన్నడు:
"గోడకు మేకు కొట్టొద్దు."

సరేనన్నం.
మిర్యాలగూడల, రైసుమిల్లుల ఎనక గల్లీల
రెండర్రలు, మూడువేల కిరాయి.
ఊక బూడిద వాలే కిటికీ ఒకటి.
పైన ఓనరోళ్ల బాత్రూం పైపు కారి
మంచం తలాపున నెమ్ము మచ్చ ఒకటి.
మేకు లేకుంట అద్దమెక్కడ తగిలియ్యాలె?
మొదటి నెలంతా మా పెండ్లి ఫొటో
బియ్యం డబ్బ మీద గోడకొరిగి
మమ్ముల్నే చూస్కుంట నిలబడ్డది.

సైదులు మిల్లుల కాటా రాస్తడు.
చిరిగిన గోనెసంచులు సేటునడిగి
బండెనక కట్టుకొచ్చిండు, పది.
మూడు నీళ్లు నల్లగనే వోయినయి,
నాలుగో నీళ్లకు వడ్ల వాసనొచ్చింది.
దబ్బనం, సుతిలి, నా పాత నారాయణపేట చీరె అంచు.
నడుమంతా పీలికలైనా
ఆ చీరెకు అంచు మాత్రం చావదు.
నాలుగు రాత్రులు కుట్టిన.
కిటికీ చువ్వలకు ముడేస్తే పరద.
తలుపు గొళ్లానికి ముడేస్తే జేబుల సంచి:
ఒక జేబుల దువ్వెన, ఒకదాంట్ల కరెంటు బిల్లు,
అడుగు జేబు మా శ్రీహితది,
అండ్ల ఏమున్నదో అడగొద్దు.

బల్బు బోడిగ వేలాడుతుండె.
మా అమ్మమ్మ పాత కాయితాలు నానవెట్టి
మెంతులేసి దంచి గంపలకు మెత్తేది.
సైదులు అంగి జేబులల్ల పోగైన కాటా చీటీలు
రెండు రోజులు నానవెట్టిన.
రోలు లేదు, మిక్సీల వేస్తే మిక్సీ అలిగింది.
బుగ్గ ఊది దాని మీద మెత్తినం.
మొదటిది ఎండలనే పగిలింది.
రెండోది వంకర. వంకరదే పెట్టినం.
రాత్రి స్విచ్చేస్తే
నలగని చీటీ ముక్కలు వెలుగుల తేలినయి:
నలభై రెండు క్వింటాళ్లు,
లారీ నెంబరు సగం,
తడి వడ్లు, తరుగు ఏడు కిలోలు.
సైదులు చాన సేపు అటే చూసిండు.
"ఆ తరుగు నేనే రాసిన" అన్నడు.

నెమ్ము మచ్చకు మాత్రం మందు దొరకలె.
సున్నమేస్తే వారంల మల్ల పైకొచ్చింది.
"అమ్మా, ఇది సాగర్ గదా" అన్నది శ్రీహిత.
గడపకు తెచ్చిన జాజు మిగిలుండె,
వేలు ముంచి చేపను గీసింది,
రెండు కండ్లూ ఒక్క దిక్కే.
నేను పుట్టి గీసిన.
ఆయన గట్టు మీద మేకను నిలబెట్టి
"మేకు కొట్టొద్దన్నడు గని
మేకను గియ్యొద్దన్లే" అన్నడు.

క్యాలెండరెనక లెక్క రాసిన:
సుతిలి ముప్పై, బుగ్గలు ఇరవై, మెంతులు పది.
మిక్సీ రిపేరు రాయలె.

కిరాయికొచ్చిన బుచ్చయ్య గడపలనే ఆగిండు.
పరద పట్టి చూసిండు.
బల్బు టోపీ కింద మెడ ఎత్తి నిలబడ్డడు.
"మంచిగ చేస్కున్నరు" అన్నడు.
"వచ్చే నెల సంది ఐదొందలెక్కువియ్యిరి."

సైదులు తల గోక్కున్నడు.
నేను స్టూలెక్కిన.
మేకుల్లేని ఇల్లు గదా, అన్నీ ముడులే.
విప్పితే పావుగంట పట్టలె.
పరద, సంచి, వంకర టోపీ మంచమ్మీద పెట్టి
"ఇగో పెద్దనాయనా, నీ ఇల్లు.
దీనికెంతో చెప్పు" అన్న.

బోడి బల్బు ఊగింది.
శ్రీహిత ఉరికొచ్చి
చేప మీద రెండు చేతులు కప్పింది.
దాన్ని విప్పనీకి ముడి లేదు.
బుచ్చయ్య పిల్లను చూసిండు, మచ్చను చూసిండు,
పైన తన పైపు దిక్కు చూసిండు.
"రెండొందలియ్యిరి తియ్యి"
అనుకుంట చెప్పులు తొడుక్కున్నడు.
పైపు సంగతి ఆయనా ఎత్తలె, మేమూ ఎత్తలె.

మల్ల ముడులేసేసరికి రాత్రి పదైంది.
పైన చుట్టాలొచ్చినట్టున్నరు,
తెల్లారేదాక నీళ్లు వోసుకుంటనే ఉన్నరు.
పొద్దుగాల మచ్చ జానెడు పెరిగింది,
మేక కాళ్లు నీళ్లల్ల మునిగినయి.
"అమ్మా, శ్రీశైలం గేట్లెత్తిన్రు!"
బిడ్డ చప్పట్లు కొడ్తాంది.

జాజు గిన్నె ఏడ పెట్టిన్నో.
మేకకు ఇంకొంచెం పైన
గట్టు గియ్యాలె.